తుపాకి దించినవాడు

హైదరాబాదు నగరమునకు దక్షిణమున, బెంగుళూరు పోవు రాజమార్గముమీద షంషాబాదు అను ఊరు కలదు. అరబ్బీ భాషలో 'షమ్స్' అనగా సూర్యుడు. నిజాము కొలువున 'షమ్స్-ఉల్-ఉమరా', అనగా ప్రభువులలో సూర్యునివంటివాడు, అను బిరుదు వహించిన పైగా వంశీయుల పేరున ఈ యూరు వెలసినది. పైగా ప్రభువులు నిజాము అంగరక్షక సైన్యమును పోషించినవారు. కావున ఈ యూరి పేరునకే సైన్యముతో చుట్టఱికమున్నదని నేను తరగతిలో చెప్పుచుండెడివాడను. 2008 మార్చి నెలలో ఇచ్చట అంతర్జాతీయ విమానాశ్రయము తెఱువబడినది. అప్పటినుండి ఆ చుట్టఱికము మరల కంటికి కనబడుచున్నది. సెలవు ముగిసి సరిహద్దునకు మరలిపోవు సైనికులు తెల్లవాఱకమునుపే మూటలతో, ముల్లెలతో ఆ ద్వారమున నిలిచియుందురు. వారిని సాగనంపుటకు వచ్చిన తల్లులు అద్దపు గోడకు ఇవతలనే నిలిచిపోవుదురు.

అయితే, ఈ యూర దీనికి నేరుగా ఎదురైన చరిత్ర మఱియొకటి కలదు. పదునాఱవ శతాబ్దిలో ఐరోపా ఖండమున ఒక క్రైస్తవ శాఖ పుట్టెను. హాలండు దేశీయుడైన మెన్నో సైమన్సు అను గురువు పేరున ఆ శాఖవారికి మెన్నోనైటులను పేరు వచ్చినది. ఎట్టి కారణముచేతనైనను మానవుడు మానవునిమీద ఆయుధమెత్తరాదని వారి నమ్మకము. ఆ నమ్మకమునకై వారు ఊళ్ళు విడిచిరి, దేశములు విడిచిరి. రష్యాలో పొలములు చేసికొనుచు స్థిరపడినవారు, 1870 దశకమున అచ్చట నిర్బంధ సైనికసేవ రాగా, వేలకొలది కుటుంబములతో అమెరికా ఖండమునకు తరలిపోయిరి. వారిలో ఒక శాఖయగు మెన్నోనైటు బ్రదరెన్ సంఘమువారు పందొమ్మిదవ శతాబ్ది చివర నల్లగొండ, హైదరాబాదు ప్రాంతములకు వచ్చిరి. 1920లో నాగర్‌కర్నూలున వారు ఆరంభించిన బైబిలు పాఠశాల పిమ్మట షంషాబాదునకు మారినది. నేడు అది వేదాంత కళాశాలగా నడచుచున్నది. సేనాపతుల పేరు మోయు ఊర, కత్తి పట్టనివారి పాఠశాల!

ఈ రెండు చరిత్రల నడుమ నలిగిన నా శిష్యుడొకడు కలడు. అతని పేరు నేను చెప్పను. చెప్పవలదని అతడే కోరినాడు.

2016లో ఒకనాటి వేకువను బంధువులను విమానమెక్కించి మరలుచుండగా వెనుకనుండి ఎవరో పిలిచిరి.

"సారూ! నన్ను గుర్తుపట్టితిరా?"

"గుర్తుపట్టకేమి బిడ్డా! ఛందస్సు చెప్పు గంటలో గణములు లెక్కింపుమనగా కిటికీలోనుండి బస్సులు లెక్కించినవాడవు."

అతడు నవ్వి పాదములంటెను. పదునెనిమిదేండ్ల వయస్సున పదాతిదళమున చేరినాడు. కాశ్మీరమున మూడు పర్యాయములు పని చేసినాడు. కణతలయొద్ద వెండ్రుకలు అప్పుడే తెల్లబడియుండెను.

"వచ్చు సంవత్సరమునకు పదునేడేండ్లు నిండును సారూ. పింఛనుతో బయటికి వత్తును."

"పిమ్మట ఏమి చేయుదువు? బ్యాంకులో కాపలా ఉద్యోగమా? మనవైపు మాజీ సైనికులు చాలమంది అందే చేరుచున్నారు."

"కాదు సారూ. సంఘకాపరిని కావలెనని యున్నది. చదువుకొందును." ఆ మాట చెప్పి అతడు కొంతసేపు మాటలాడలేదు. పిదప తన రెండు చేతులను మోకాళ్ళమీద చాచి చూచుకొనెను. "మా తాత ఈ యూరి దొరల బోధ విన్నవాడు. ఆయుధము పట్టరాదని మా ఇంట చిన్ననాటినుండి వింటిమి. నేనేమో పట్టితిని. చీకటిలో ఎన్నియో గుండ్లు కాల్చితిని. ఏది ఎవరికి తగిలినదో నాకు తెలియదు. తెలియకపోవుటయే నాకు బరువుగానున్నది. ఈ చేతులతో రొట్టె విఱిచి పదిమందికి పంచవచ్చునా? ఎవరైనను ఇదివఱకు అట్లు చేసినారా?"

నేను తెలుగు పండితుడను, వేదాంతిని కాను. చేయవచ్చునా, చేయరాదా అనుటకు నాకు అధికారము లేదు. కాని, ఎవరైనను చేసినారా అనునది చరిత్రకు సంబంధించిన ప్రశ్న. దానికి జవాబు వెదకవచ్చును. అతని విమానమునకు ఇంకను గంట వ్యవధి యుండెను. తోచినంతవఱకు అచ్చటనే చెప్పితిని. ఇంటికి వచ్చి పుస్తకములు తిరుగవేసి, మిగిలినది జాబుగా వ్రాసితిని. ఆ జాబులోని సంగతులే ఈ పాఠము.

మొదట మాటను చూతము. సైన్యమున క్రైస్తవ గురువును 'పాద్రే' అందురు. అది పోర్చుగీసు మాట. తండ్రి యని అర్థము. మన తెలుగులోని 'పాదిరి' దానినుండియే పుట్టినది. ఆంగ్లమున అతనినే 'చాప్లెన్' అందురు. ఈ మాట వెనుక ఒక కథ కలదు. ఆ కథ ఒక అంగీది. ఆ అంగీ ఒక సైనికునిది.

నేటి హంగేరి దేశమున, నాడు రోము సామ్రాజ్యములోని పన్నోనియా సీమయందు, క్రీ. శ. 316 ప్రాంతమున మార్టిన్ అనువాడు జన్మించెను. తండ్రి రోము సైన్యమున అధికారి. యుద్ధదేవతయగు మార్స్ పేరు కలసివచ్చునట్లు కుమారునకు పేరు పెట్టుకొనెను. సైనికుల కుమారులు సైన్యమున చేరవలెననునది నాటి శాసనము. బాలునకు ఆ వృత్తి గిట్టలేదు. అతని చరిత్రను వ్రాసిన శిష్యుడు సుల్పీషియస్ సెవేరస్ చెప్పినదానినిబట్టి, పదునైదవ యేట అతనిని పట్టి, సంకెలలు వైచి, బలవంతముగా ప్రమాణము చేయించిరి. మార్టిన్ ఆశ్వికదళమున చేరెను. ఆశ్వికునకు ఒక సేవకుడుండుట ఆచారము. మార్టిన్ ఆ సేవకుని పాదరక్షలు తానే విప్పి, తానే తుడిచి శుభ్రపఱచుచుండెడివాడట. తోడి సైనికులకు అది పిచ్చిగా తోచియుండును.

ఒక సంవత్సరము గాల్ దేశమున, అనగా నేటి ఫ్రాన్సున, చలి మితిమీరి అనేకులు ప్రాణములు విడిచిరి. అమియాన్ పట్టణ ద్వారమున ఒక బిచ్చగాడు కట్టుబట్ట లేక వణకుచుండెను. పోవువారు పోవుచునే యుండిరి. మార్టిన్ యొద్ద ఆయుధములు, మీది అంగీ తప్ప మఱేమియు లేవు. ఉన్నదంతయు అంతకుముందే పంచిపెట్టినాడు. అతడు కత్తి దూసి ఆ అంగీని నిలువున రెండుగా చీల్చి, ఒక సగము బిచ్చగానికిచ్చి, మిగిలిన సగము తాను కప్పుకొనెను. చుట్టునున్నవారిలో కొందఱు ఆ సగపు అంగీని చూచి నవ్విరి. మార్టిన్ ఖడ్గము చేసిన పనులలో చరిత్ర జ్ఞాపకముంచుకొన్నది ఇదియొక్కటే.

ఆ పిదప కూడ అతడు కొంతకాలము సైన్యముననే యుండెను. ఎన్నియేండ్లుండెనో, ఆ లెక్కలో పండితులకు భిన్నాభిప్రాయములు కలవు. తుదకు రైను నదీతీరమున, వోర్ము నగరమునొద్ద, శత్రువులు సమీపింపగా, జూలియను ప్రభువు సైనికులను ఒక్కొక్కరినే పిలిచి బహుమాన ధనము నిచ్చుచుండెను. మార్టిన్ వంతు వచ్చినది. అతడు చేయి చాపలేదు. ఇంతవఱకు నీ కొలువు చేసితిని, ఇకమీదట దేవుని కొలువు చేయనిమ్ము, నీ ధనము యుద్ధము చేయువానికిమ్ము, నేను పోరాడను అని విన్నవించెను. ప్రభువునకు కోపము వచ్చెను. ఇది భక్తి కాదు, రేపటి యుద్ధమునకు భయము అనెను.

ఆ నింద మార్టినునకు తగిలినది. విద్యార్థులారా, ఇచ్చట కొంచెము నిలువుడు. యుద్ధము వలదనువానిని పిఱికివాడనుట లోకమున తేలిక. అట్లనినవానికి మార్టిన్ ఏమని బదులు చెప్పెను? రేపు నన్ను సేన ముందు, కత్తి లేక, డాలు లేక, శిరస్త్రాణము లేక నిలువబెట్టుము. నేనట్లే శత్రుపంక్తిలోనికి నడతును అనెను. మాట తప్పకుండునట్లు అతనిని ఆ రాత్రి బంధించి యుంచిరి. తెల్లవాఱునప్పటికి శత్రువులే సంధి కోరి దూతలను పంపిరి. సుల్పీషియస్ దీనిని దైవఘటన యనెను. ఆయన గ్రంథమున అద్భుతములు విస్తారముగా నున్నవి. వాని నన్నిటిని నమ్ముమని నేను మీకు చెప్పను. అయితే, ఆ రాత్రి బందీగానున్నవానికి తెల్లవాఱి సంధి కలుగునని తెలియదు. నాకు కావలసినది ఆ రాత్రియే.

సైన్యము విడిచి మార్టిన్ పువాటియే నగరమున హిలరీ అను గురువునాశ్రయించి, తరువాత 361లో లిగుజే అనుచోట చిన్న ఆశ్రమము నెలకొల్పెను. 371లో తూరు నగరవాసులు అతనిని తమకు బిషపుగా కావలెననిరి. అడిగిన రాడని యెఱిగి, ఒక పౌరుడు తన భార్యకు రోగము ముదిరినదని బొంకి ఆశ్రమమునుండి బయటికి రప్పించెను. త్రోవలో జనులు చుట్టుముట్టి పట్టణమునకు తీసికొనిపోయిరి. వచ్చియున్న బిషపులలో కొందఱికి ఇతడు నచ్చలేదు. బట్టలు మాసియున్నవి, తల చెదరియున్నది, ఇట్టివాడు పీఠమునకు తగునా అనిరి. జనులు వినలేదు. బిషపైన పిమ్మట కూడ మార్టిన్ ఉన్నతాసనమున కూర్చుండక ముక్కాలి పీటమీదనే కూర్చుండెడివాడు. 385లో ట్రియరు నగరమున, ప్రిసిల్లియను అను బోధకునిమీద చక్రవర్తి మాక్సిమస్ ఎదుట మరణశిక్షకై అభియోగము నడచెను. ప్రిసిల్లియను బోధ మార్టినునకు సమ్మతము కాదు. అయినను, మతభేదమునకై రక్తము చిందింపవలదని చక్రవర్తిని ప్రాధేయపడి మాట తీసికొనెను. మార్టిన్ ఊరు దాటిన పిదప ఆ మాట తప్పినది. ప్రిసిల్లియను శిరస్సు తెగినది. పూర్వము సైనికుడైయుండినవాడు కావుననే మార్టినునకు చావు అనుమాట పుస్తకములోని మాటగా నుండలేదని నా యూహ.

మార్టిన్ 397 నవంబరులో మరణించెను. అతని అంగీని జనులు పవిత్రవస్తువుగా దాచిరి. అంగీని లాటినులో 'కాపా' అందురు. చిన్న అంగీని 'కాపెల్లా' అందురు. దానిని కాచు గురువులు 'కాపెల్లాని' అయిరి. దానినుంచిన మందిరమునకు 'చాపెల్' అనియు, ఆ గురువులకు 'చాప్లెన్' అనియు పేర్లు ఆంగ్లమున నిలిచినవి. ఫ్రాంకు రాజులు ఆ అంగీని యుద్ధములకు వెంట తీసికొనిపోవుచుండిరి. పోరాడనని చెప్పినవాని అంగీని పోరాటమునకు మోసికొనిపోవుట! చరిత్ర ఇట్టి వింతలు చేయుచుండును. మార్టిన్ పండుగ నవంబరు 11వ తేది. మొదటి ప్రపంచయుద్ధము 1918లో ఆగినదియు ఆ తేదినే.

సీమల కథ సీమలదే, మన నేలమీద అట్టివారు లేరా అందురేమో. హైదరాబాదు నాంపల్లిలో యూసుఫైన్ దర్గా కలదు. నగరవాసులలో దానిని ఎఱుగనివారు అరుదు. అచ్చట విశ్రమించియున్న యూసుఫ్, షరీఫ్ అను ఇరువురును ఔరంగజేబు సేనలో సైనికులుగా దక్షిణాపథమునకు వచ్చినవారని ప్రసిద్ధి. 1687లో మొగలు సేన గోలకొండను ఎనిమిది నెలలు ముట్టడించెను. ఒక రాత్రి గాలివాన వచ్చి గుడారములన్నియు కూలిపోయినవనియు, ఒక్క గుడారమున మాత్రము దీపము కదలక వెలుగుచుండెననియు, చూడబోగా ఇరువురు సైనికులు ఆ వెలుగున ఖురాను పఠించుచుండిరనియు కథ చెప్పుదురు. తమ సంగతి బయటపడిన పిదప వారు కొలువు విడిచి, జయింపబడిన ఈ నగరముననే నిలిచిపోయిరి.

కథలోని దీపమునుగూర్చి వాదింపనక్కఱలేదు. ముట్టడించిన సేనలోని ఇరువురు సిపాయీల సమాధికి, ముట్టడింపబడినవారి సంతతి మూడువందల ఏండ్లకు పైబడి పువ్వులు తెచ్చుచున్నది. ఉర్దూ కవులలో పేరెన్నికగన్న దాగ్ దెహ్లవీ కూడ 1905లో గతించి ఆ ఆవరణముననే విశ్రమించెను. మా శిష్యుని ప్రశ్నకు ఇది యొక జవాబని నాకు తోచినది. అతడు మతము వేఱు గదా యని ఆక్షేపింపలేదు.

ఇక నేటి మన భారతసైన్యమున ఈ పదవి ఎట్లున్నదో చూతము. సైన్యమున ధర్మగురువులు కలరు. పండితుడు, గ్రంథీ, మౌల్వీ, పాదిరి, బౌద్ధభిక్షువు, వీరందఱును నాయబ్ సుబేదారు హోదాతో చేరుదురు. పాదిరిగా చేరదలచినవాడు అంతకుముందే తన సంఘాధికారులచేత గురువుగా అభిషిక్తుడై యుండవలెను. శాస్త్రము వచ్చిన చాలదు. 1,600 మీటర్లు 8 నిమిషములలో పరుగిడవలెను. పుణెలోని జాతీయ సమైక్యతా సంస్థలో అందఱికిని కలిపి శిక్షణ యిత్తురు. పూజ, ప్రార్థన, అంత్యక్రియలు జరుపుట, ఆస్పత్రిలోని రోగులను పలుకరించుట, శిక్ష ననుభవించుచున్న సైనికులతో మాటలాడుట వీరి పనులు. శిక్షణ ముగించిన యువకులచేత ప్రమాణము చేయించునప్పుడు తమ తమ గ్రంథములతో వీరు నిలుతురు. పెక్కు దళములలో సర్వధర్మస్థలమని ఒకే కప్పు క్రింద అన్ని మతముల పూజాస్థానములు నుండును.

గురువు యుద్ధభూమిలో నున్నను యోధుడు కాడు. 1864లో జెనీవా ఒడంబడిక వ్రాసినప్పుడే వైద్యులతోపాటు సేనలోని గురువులకును రక్షణ కల్పించిరి. 1949లోని ఒడంబడికలు దానిని మఱింత స్పష్టపఱచినవి. శత్రువునకు చిక్కినను గురువు యుద్ధఖైదీ కాడు. తోడి ఖైదీలకు ఆయన సేవ అవసరమైనంతవఱకు మాత్రమే ఆయనను అట్టే యుంచవచ్చును.

తుపాకి మ్రోతలు విన్నవాడు గురువైన, ఆ గురువు మరల యుద్ధమునకు పోయిన ఏమగును? ఇందులకు జార్జి ఫాక్స్ కథ చెప్పెదను. ఇతడు అమెరికా దేశీయుడు. 1917లో పదునేడేండ్ల వయస్సున వయస్సు దాచి ఇల్లు విడిచిపోయి సైన్యమున చేరెను. వైద్యదళములో పని. అది కత్తి పట్టు పని కాకపోయినను, కత్తి పట్టినవారి నడుమ చేయు పనియే. విషవాయువు క్రమ్మిన రణభూమినుండి గాయపడినవానిని తెచ్చినందుకు పతకము పొందెను, తానును గాయపడెను. యుద్ధమైన పిదప చదువుకొని మెథడిస్టు సంఘమున గురువై, వెర్మాంటు రాష్ట్రమున పల్లెల సంఘములను కాచుకొనుచుండెను. భార్య, బిడ్డలు, స్థిరమైన జీవితము. 1942లో మరల యుద్ధము వచ్చినప్పుడు అతనిని ఎవరును పిలువలేదు. వయస్సు నలువదియు దాటినది. అయినను తానే పోయి సేనలో చాప్లెనుగా చేరెను. ఈ పిల్లలు ఏమి చూడబోవుచున్నారో నేను చూచియున్నాననునదే అతడు చెప్పిన కారణము. అతని కుమారుడును ఆ సమయముననే నౌకాదళ సైనికులలో చేరెను.

1943 ఫిబ్రవరి 3వ తేది అర్ధరాత్రి దాటిన పిదప, గ్రీన్లాండు సమీపమున, 'డార్చెస్టర్' అను ఓడను జర్మను జలాంతర్గామి కొట్టెను. ఓడలో 902 మంది కలరు. దీపములాఱిపోయినవి. నిదురలో నున్నవారు నిదురబట్టలతోనే పైకి పరుగెత్తిరి. ఓడలో నలుగురు గురువులుండిరి: ఫాక్స్, యూదు గురువైన అలెగ్జాండర్ గూడ్, కాథలిక్కు గురువైన జాన్ వాషింగ్టన్, ప్రొటెస్టెంటు గురువైన క్లార్క్ పోలింగ్. ఆ నలుగురును ప్రాణరక్షక కవచములను పంచి పెట్టిరి. కవచములు చాలలేదు. అప్పుడు తాము తొడిగికొనియున్నవానిని విప్పి, ఎదుటనున్నవారికి తొడిగిరి. నీదే మతమని వారు అడిగినట్లు బ్రదికి బయటపడినవారెవరును చెప్పలేదు. ఓడ వంగి మునుగుచుండగా నలుగురును చేతులు పెనవైచికొని ప్రార్థించుచు నిలిచియుండుటను పడవలలోనివారు చూచిరి. బ్రదికినవారు 230 మంది.

అందఱును ఈ దిక్కునకే నడచిరని తలంపవలదు. మన తిరుమలగిరి దండులో 1895లో ఆంగ్లసైనికులకు గురువుగా వచ్చిన చార్లెస్ పాస్నెట్ అను యువకునకు ఆ పని రుచింపలేదు. అతడు గుఱ్ఱమెక్కి రెండు దినములు ప్రయాణము చేసి మెదకు చేరి పల్లెప్రజల నడుమ నివసించెను. కఱవు దినములలో కూలి దొరకనివారికి పనియు అన్నమును కల్పించుచు అతడు కట్టించిన మెదకు దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. అతని పని గొప్పది. అయినను తిరుమలగిరిలోని ఆ సైనికులకు ఆ పిమ్మట ఎవరు తోడైరో యని నాకు అప్పుడప్పుడు తోచుచుండును.

నేనిదంతయు వ్రాసి పంపితిని. రెండు నెలలకు జవాబు వచ్చినది. నా శిష్యునకు వ్రాత అలవాటు తప్పినది. అక్షరములు పెద్దవిగా, వంకరగా నుండెను. అందులో విమానాశ్రయమున నాకు చెప్పని సంగతి యొకటి వ్రాసెను.

కొన్ని సంవత్సరముల క్రిందట, కాశ్మీరమున మంచుకొండమీది యొక చిన్న ఠాణాలో అతని స్నేహితుడు ఎదురుకాల్పులలో చనిపోయెను. ఆ స్నేహితుడు కోస్తా జిల్లావాడు, క్రైస్తవుడు. మంచువలన రెండు దినములు హెలికాప్టరు రాలేదు. ఠాణాలో పాదిరి లేడు. ఆ వారము అచ్చటికి వచ్చియుండిన ధర్మగురువు సిక్కు గ్రంథీ. ఆయన మృతుని సంచిలోనుండి చిన్న తెలుగు కీర్తనల పుస్తకము తీసి, "నాకు ఈ భాష రాదు. ఇతని భాషలో ఇతనికి వినిపింపుము. నేను ప్రక్కన నిలుతును" అని నా శిష్యుని చేతిలో పెట్టెను. అది పహరా వేళ. తుపాకి భుజమునుండి దించుటకు వీలులేదు. ఒక భుజమున తుపాకి, రెండవ చేత పుస్తకము. గాలికి పుటలు నిలువకున్న గ్రంథీయే తన చేతితో పుటను పట్టుకొనెను. నలుగురు సైనికులు నిలిచి వినిరి. వారిలో ఒక్కనికైనను తెలుగు రాదు.

"సారూ, ఆ దినమున నేను చదువవచ్చునా అని ఎవరును నన్నడుగలేదు. నేనును అడుగుకొనలేదు. చదువవలసియుండెను, చదివితిని. మీ జాబు చదివిన పిదప ఆ సంగతి జ్ఞప్తికి వచ్చినది" అని ముగించెను.

2017లో అతడు పింఛనుతో వచ్చి వేదాంతవిద్యలో చేరెను. తరగతిలో అందఱికంటె పెద్దవాడు. గ్రీకు అక్షరములు ఛందోగణములకంటెను కష్టమని నాతో మొఱపెట్టుకొనెను. మెన్నోనైటు గురువుల గ్రంథములను చదివి, ఆయుధము పట్టరాదను మాటను ఒప్పుకొందునని చెప్పెను. తన పదునేడేండ్లను తప్పని కొట్టివేయుటకును ఒప్పుకొనలేదు. ఈ రెండును ఒక్క మనస్సున ఎట్లిముడునని అడిగితిని. ఇముడవు సారూ, మోయుచున్నాను అనెను.

ఇప్పుడతడు విమానాశ్రయమునకు దూరము కాని యొక పల్లెలో రేకులకప్పు గల చిన్న ప్రార్థనాలయమునకు కాపరి. ఆదివారము అతని సంఘమువారు వత్తురు. శనివారము సాయంకాలము వచ్చువారు వేఱు. చుట్టుప్రక్కల ఊళ్ళనుండి సైన్యము విడిచివచ్చినవారు ఆఱుగురు, ఏడుగురు వత్తురు. వారిలో హిందువులు కలరు, ముసల్మానులు కలరు. వేపచెట్టు క్రింద ప్లాస్టిక్కు కుర్చీలు వేసికొని కూర్చుందురు. అతని భార్య టీ కాచి తెచ్చును. ఒకనాడు నేనును పోయి కొంచెము దూరముగా కూర్చుంటిని. వారు మెల్లగా మాటలాడుకొనుచుండిరి. ఒకడు చాలసేపు మాటలాడి ఏడ్చెను. నా శిష్యుడు ఏమియు చెప్పక అతని ప్రక్కకు కుర్చీ జరుపుకొనెను. ఆ ఊరిమీదుగా విమానములు క్రిందికి దిగుచుండును. ధ్వని వచ్చినప్పుడెల్ల అందఱును మాట ఆపి తలలెత్తి చూతురు. అది దాటిపోయిన పిదప, ఆపినచోటినుండియే మరల మొదలుపెట్టుదురు.